రెండు మూరల సవరం

ఆ యంత్రానికి కాగితాల మీద గంభీరమైన పేరొకటి ఉంది. ప్రయోగశాలలో మాత్రం అందరూ దాన్ని దువ్వెన అనేవారు. లోహపు పళ్ళెం మీద వెంట్రుకలను పక్కపక్కన, కుదుళ్ళన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు వచ్చేలా దువ్వి పరచాలి. ఆ పరిచే పని స్వరూపది. పరచి మూత వేస్తే లోపల సన్నని వెలుగు గీత ఒకటి కొసల నుంచి బయల్దేరి, కుదుళ్ళ వైపు జరుగుతూ, జుట్టును ఆవగింజంత ఆవగింజంత కాల్చుకుంటూ పోతుంది. లేచిన ఆవిరిని యంత్రం వాసన చూస్తుంది. ఆ మనిషి ఏ నెలలో ఏం తిన్నదీ, తిన్నదాని మీద ఏ పురుగుమందు ఎంత మిగిలి ఉన్నదీ తెర మీద గీత గీసి చూపిస్తుంది.

"బెత్తెడు జుట్టంటే ఆర్నెల్ల తిండి. అదొక్కటి గుర్తు పెట్టుకోండి, మిగతాది మిషినే చెప్తది" అనేది స్వరూప, కొత్తగా పనిలో చేరినవాళ్ళతో.

చిక్కల్లా ఒక్కటే. దువ్వెన చదివిన జుట్టు మిగలదు. పళ్ళెం మీద మసక చార ఉంటుంది, గుడ్డ పెట్టి తుడిస్తే అదీ పోతుంది.

"ఏడాది వెనక్కి చదువుతుందని అందరూ ఒప్పుకున్నారు" అంది ఫరీదా మేడం ఆ రోజు. దువ్వెనను కనిపెట్టింది ఆమే. "ఐదారేళ్ళ వెనక్కి చదువుతుందంటే నమ్మటం లేదు. కాన్సర్ వచ్చిన మనిషిది, రాకముందు ఐదారేళ్ళ జుట్టు కావాలి స్వరూపా. అది కూడా పిడికెడు. పాత మందు ఆనవాళ్ళు చాలా పలచగా ఉంటాయి, పది వెంట్రుకలతో పని కాదు. ఆస్పత్రికి వెళితే అక్కడ అందరికీ జుట్టు రాలిపోయింది. పాత జుట్టు ఎవరు దాచిపెడతారు చెప్పు?"

స్వరూప పళ్ళెం తుడవడానికి గుడ్డ అందుకుంది.

"ఒక్క పొడవాటి గీత చూపిస్తే చాలు. కూరగాయలు పండించే ఊళ్ళలో ఆడవాళ్ళ జుట్టు ఏటా చదవడానికి అనుమతి వస్తుంది. గీత పైకి లేస్తున్నప్పుడే చెప్పొచ్చు, ఈ తిండి మార్చు తల్లీ అని. జబ్బు వచ్చాక చెప్పి ఏం లాభం?"

స్వరూప పళ్ళెం తుడుస్తూ ఉండిపోయింది. అలాంటి జుట్టు ఎక్కడుందో ఆమెకు తెలుసు. చేవెళ్ళ అవతల, ఎర్రగుంటపల్లిలో, తమ ఇంట్లో, మంచం కింది ఇనప సందుకలో, అమ్మ పెళ్ళిచీర మడతల్లో ఉంది.

ఆమె తల్లి బాలమణికి కడుపులో కాన్సర్ అని తేలినప్పుడు, మందులు ఎక్కిస్తే జుట్టంతా ఊడిపోతుందని నర్సు ముందే చెప్పింది. బాలమణి ఇంటికొచ్చి, తలంటుకుని, ఆరబెట్టుకుని, జడ అల్లించుకుని, ఆ జడను మొదలంటా కోయించుకుంది. సవరాలు కట్టే ఆమెను పిలిపించి, కుదుళ్ళన్నీ ఒక వైపుకే ఉండేలా నల్లదారంతో కట్టించింది. రెండు మూరల సవరం. "నా బిడ్డ పెండ్లిల జడ ఏసేటప్పుడు ఎవలదో జుట్టెందుకు, నాది పెడదురు" అంది. ఆ తర్వాత ఏడాదికి పోయింది. స్వరూప పై చదువు అప్పుడే ముగిసింది. ఆ వంశంలో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషి ఆమే.

ఇది జరిగి ఏడేళ్ళు. పెళ్ళి కాలేదు. సవరం సందుకలోనే ఉంది.

*

ఆదివారం ఊరికి వెళ్ళేసరికి తండ్రి జంగయ్య భోజనానికి కూర్చుని ఉన్నాడు. అన్నం, ఎల్లిపాయ కారం, ఉడకబెట్టిన గుడ్డు. ఏడేళ్ళుగా అదే. చుట్టూ నాలుగెకరాల వంకాయ, టమాట, బీర. పట్నానికి కూరగాయలు తోలే మనిషి తన కంచంలోకి కూరగాయ రానివ్వడు. బాలమణి పోయిన పదకొండో నాడు మొదలైన పట్టుదల అది. కూరగాయలు మానితే ఇంకో జబ్బు వస్తుందని స్వరూప చెప్పి చెప్పి విసిగిపోయింది.

"ఒక్క బీరకాయ తునక తిను నాయినా. కడిగి, తోలు దీసి వండుత."

"నాకు సయించది బిడ్డా."

జంగయ్య అక్క అంజమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఆనికి చెప్పుడెందుకు, గా గోడకు చెప్పు. ముందుగాల నీ తలకాయ చూసుకో. జడ ఎలకతోకంత అయింది. ఆ పట్నం నీళ్ళు పాడుగాను. రేపు పెండ్లంటే మీ అమ్మ సవరం పెట్టనీకి పట్టు దొరుకుతదా?"

స్వరూప ఆ మాటే అదనుగా తీసుకుంది. "సవరం గురించే వచ్చిన అత్తమ్మా." దువ్వెన సంగతి చెప్పింది. ఎందుకు కావాలో, ఎంత కావాలో చెప్పింది. చదివాక అది మిగలదని కూడా చెప్పింది.

జంగయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"కాలుస్తరా?"

"కాల్చుడంటే... చదువుతది నాయినా. కొంచెం కొంచెం."

"కాలిస్తె కాల్చినట్టే గదా. మీ అమ్మను ఒకపారి కాల్చినం. సాలదా?"

అంజమ్మ చిక్కుడుకాయలు ఒలవడం మానేసింది. అయినా స్వరూప అడిగింది.

"నీకు భయమా నాయినా? మందు కొట్టింది నువ్వని దాంట్ల పడ్తదనా?"

జంగయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. "అవ్, భయమే" అన్నాడు. "ఇయ్య. ఇగ అడగకు."

బయటికి వెళ్ళి వంకాయ తోట గట్టు మీద నిలబడ్డాడు. తోటకు ఉత్తరపు అంచున రెండు సాళ్ళు వేరుగా ఉంటాయి. వాటికి రెండు కొసలా వెదురు పుల్లలు, పుల్లలకు బాలమణి పాత చీర పేలికలు. ఇంటి సాళ్ళు అంటారు వాటిని. కూరగాయలు పండించే ఇళ్ళన్నింటా ఉండేవే: అమ్మే వాటికి మందు కొట్టినా, పేలిక కట్టిన సాళ్ళ జోలికి స్ప్రేయర్ పోకూడదు. పురుగుల్ని చేత్తో ఏరేది బాలమణి. సగం పుచ్చులుండేవి. మిగిలిన సగం ఎంత కమ్మగా ఉండేవంటే, ఈ ఏడేళ్ళలో తిన్న ఏ వంకాయలోనూ స్వరూపకు ఆ రుచి దొరకలేదు. తల్లి గుర్తొస్తే ముందు ముఖం కాదు, ఆ రుచే నాలుక మీదికి వచ్చేది. వచ్చి, పట్టుకునేలోపు పోయేది.

తినే మనిషి లేకపోయినా జంగయ్య ఆ రెండు సాళ్ళూ ఏటా నాటుతూనే ఉన్నాడు. కాసినవి అంజమ్మ తీసుకుపోయేది.

*

మూడు వారాల తర్వాత, ఒక పొద్దున, ప్రయోగశాల గేటు దగ్గర జంగయ్య నిలబడి ఉన్నాడని కబురొచ్చింది. మార్కెట్‌కు టమాటాల బండితో వచ్చి, అటు నుంచి అటే వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా. బాలమణి మురుకులు దాచే డబ్బా.

"మీ అత్త ఊరంత డప్పు కొట్టింది" అన్నాడు స్వరూప ముఖంలోకి చూడకుండా. "తోటల కాయ తెంపనీకి వచ్చే ఆడోళ్ళు పొద్దుగాల లేస్తె ఒకటే అడుగుడు. 'జంగన్నా, నీ బిడ్డ మిషిని మా ఎంట్రుకలు సూస్తదా' అని. మొన్న ఎల్లయ్య కోడలు జడ ముందటికి ఏసుకోని నిలవడ్డది. ఇరవై రెండేండ్లుంటయేమో. ఆమెకేం చెప్పాలె నేను? మా ఇంట్ల సందుకలున్నది, ఇయ్య అని చెప్పాల్నా?"

స్వరూప డబ్బా అందుకుంది. జంగయ్య వెంటనే వదల్లేదు.

"ఒక్కటి బిడ్డా. అండ్ల ఏం కనవడ్డా, నువ్వు మనసుకు తీసుకోవద్దు. మాటియ్యి."

తన మీద కోపం పెట్టుకోవద్దంటున్నాడని అనుకుంది. "నీ మీద నాకేం కోపం నాయినా?"

అతను ఏదో అనబోయి ఆగాడు. "సరే. బండి ఆగదు" అని వెళ్ళిపోయాడు.

పరచేముందు జుట్టును కడగాలి. నూనె, దుమ్ము అన్నీ పోవాలి, లేకపోతే దువ్వెన తడబడుతుంది. స్వరూప సవరాన్ని రెండు చేతులతో ఎత్తి ముఖానికి ఆనించుకుంది. కొబ్బరినూనె. దాని అడుగున మందారాకు. ఇంకా అడుగున, పేరు పెట్టలేనిది ఒకటి. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ జడ కొస పిడికిట్లో పట్టుకుని పడుకునేది.

ఫరీదా మేడం తలుపు దగ్గరికి వచ్చి చూసి, ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

చాలాసేపటికి స్వరూప నల్లదారం విప్పింది. చిటికెనవేలు లావు పాయ ఒకటి వేరు చేసి డబ్బాలో పెట్టింది. మిగతాదంతా ద్రావకంలో ముంచింది. మూడు కడుగులకు వాసన పోయింది. చేతులకు తొడుగులున్నా, ఆ పోవడం చేతులకు తెలిసింది.

*

దువ్వెన రెండు రోజులు చదివింది. కొస నుంచి మొదటి మూడు బెత్తెలు గీత నేల మీద పాకినట్టే ఉంది. ఇంటి సాళ్ళ కాయ. స్వరూప ఊపిరి పీల్చుకుంది. తండ్రి తన ఇంటివాళ్ళకు మందు తినిపించలేదు.

నాలుగో బెత్తెలో గీత లేచింది.

మెల్లగా కాదు. నిచ్చెనెక్కినట్టు లేచింది. వంకాయకు కొట్టే మందు, టమాటకు కొట్టే మందు, కొట్టిన మూడో నాడే కోసిన కాయలో ఉండేంత మోతాదులో. ఆ ఎత్తునే సాగింది. తర్వాత ఒకచోట, వేలి మందం మేర, మళ్ళీ నేలకు దిగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ దిగింది. అలా నాలుగు లోతైన గుంటలు, మధ్యమధ్య చిన్న నొక్కులు.

"మిషిన్ తప్పా?" అంది ఫరీదా మేడం. "ఇంత లెక్కగా ఎందుకు దిగుతుంది?"

స్వరూప కాగితం మీద నెలలు వేసుకుంది. కుదురు దగ్గర జడ కోసిన మాఘమాసం. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయింది. మొదటి గుంట మే నెలలో పడింది. రెండోదీ మే. మూడోదీ, నాలుగోదీ మే. చిన్న నొక్కులు బతుకమ్మ పండుగ దగ్గర. గీత లేచిన చోటు, ఆరేళ్ళలో సరిగ్గా ఏడాదిన్నర దగ్గర, ఒక జూలై నెల.

ఆ జూలైలో స్వరూప హైదరాబాదులో హాస్టల్లో చేరింది.

పెన్ను కింద పెట్టింది. ఐదేళ్ళపాటు ప్రతి మంగళవారం చేవెళ్ళ బస్సు కండక్టరు సంచి ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. అందులో వంకాయలు, బీరకాయలు, చిక్కుళ్ళు, సంచి మూతికి చీర పేలిక. అవి ఇంటి సాళ్ళవని ఆమెకు తెలుసు. ఇంట్లో ఇంకా ఉన్నాయి గనకే పంపుతున్నారనుకుంది. రెండు సాళ్ళు వారానికి ఎన్ని కాస్తాయో, రైతు బిడ్డ అయ్యుండీ, ఒక్కసారి లెక్క వేసుకోలేదు. సెలవులకు తను ఇంటికొస్తే అందరూ ఇంటి సాళ్ళవే తిన్నారు. తను బస్సెక్కగానే అవి తన వెంట పట్నం వచ్చాయి. అమ్మ అమ్మే కాయలు వండుకుంది.

"స్వరూపా" అంది ఫరీదా మేడం, కుర్చీ దగ్గరికి లాక్కుని. "ఇది తిండిని చూపించింది. జబ్బును కాదు. మీ నాన్నగారు కూడా అవే తిని ఉంటారు, ఆయన బాగున్నారు. ఇందువల్లే వచ్చిందని నేను చెప్పలేను."

"ఇందువల్ల కాదని చెప్పగలరా మేడం?"

ఫరీదా మేడం అబద్ధం చెప్పే మనిషి కాదు. "చెప్పలేను" అంది. "రిస్కు పెరుగుతుంది. ఎంతన్నది ఒక్క మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరు."

గీత చిట్టచివర, కుదుళ్ళ దగ్గర, గోరంత మేర ఇంకో గుంట ఉంది. అది మే కాదు, పండుగా కాదు. జడ కోయడానికి ముందు మూడు వారాలు. అప్పుడు స్వరూప ఇంట్లో లేదు.

*

జంగయ్య ఇంటి సాళ్ళ మధ్య కూర్చుని పుచ్చు వంకాయలు ఏరుతున్నాడు. స్వరూప ఎదురుగా గట్టు మీద కూర్చుంది.

"చూసినవా?" అన్నాడు తల ఎత్తకుండా.

"నీకు ముందే తెలుసు."

"తెల్వకేం బిడ్డా. కండ్ల ముందటనే గదా. ఒకటే కొట్లాట మాకు. రెండన్న ఉంచుకో అంటె ఇనకపోయేది. 'బిడ్డ సదువుకునేది, దానికి పంపు, నాకేమైతది, గుండురాయి లెక్కున్న' అనేది. నేను గుడ అవే తిన్న. నాకేం గాలే. సూడు మరి." ఒక పుచ్చు కాయను దూరంగా విసిరాడు. "నువ్వు సదువుకున్నదానివి. నెలలు లెక్కవెట్టి పట్టుకుంటవని తెల్సు. అందుకే ఇయ్యనన్న. మందు కొట్టినోన్ని నేను, తప్పు నాకు పడితె పడనీ. నీకెందుకు?"

స్వరూప గట్టు దిగి దగ్గరికి వచ్చింది. "చివర్ల ఇంకోటి పడ్డది నాయినా. గోరంత. మాఘంల. అప్పుడు నేను లేను. మళ్ళ అమ్మ ఇంటి సాళ్ళవి తిన్నది."

జంగయ్య తల ఎత్తాడు.

"అది గుడ కనవడ్డదా?"

"కనవడ్డది."

"అది నేను" అన్నాడు మెల్లగా. "జబ్బు తెలిసినంక అమ్మకు ఒంట్ల సత్తువ లేకపాయె. పొయ్యి కాడ నేనే. ఆ ఇరవై దినాలు నీ సంచి ఆపి, ఈ సాళ్ళయి వండి పెట్టిన. వంకాయల ఉప్పు ఎక్కువేసిన. 'కైకిలి వంటోడా, కూలికి వండినట్టున్నది' అని నవ్వింది. అప్పటికే..." మాట తెగిపోయింది. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని స్వరూపకు తెలిసింది.

"నాయినా, నేను అవి తినలే."

"ఏవి?"

"సంచిలయి. హాస్టల్ల వండుకోనీకి పొయ్యి యాడిది? మెస్సుల ఆయమ్మకు ఇచ్చేదాన్ని. నూరుమందికి వండే గుండిగల కలిపేసేది. అండ్ల నా వంతుకు ఒక ముక్క వచ్చిందో రాలేదో. అమ్మ ఫోన్ చేసి ఎట్లున్నయే అంటె, మస్తున్నయి అమ్మా అని చెప్పిన. ఐదేండ్లు చెప్పిన." ఏడుపు పొంగుకొచ్చింది. "అమ్మ నోట్ల నుంచి తీసి పంపింది. నేను మెస్సుల పడేసిన."

జంగయ్య చేతిలోని వంకాయను తిప్పి చూశాడు. నీలంగా, ముచ్చికకు ముల్లుతో, ఒక పక్క చిన్న పురుగు గాటుతో ఉంది.

"పడేసినవా, వండించినవా?"

"వండేది. అందరం తినేటోళ్ళం."

"నూరుమంది?"

"నూరుమంది."

"ఆడపిల్లలే?"

"ఆడపిల్లలే."

"నా ఎరుకల నేను పట్నానికి నాలుగెకరాల పంట తోలిన" అన్నాడు. "అన్నీ మందు కాయలే. మూడు దినాలకే తెంపి తోలిన. ఎవల పిల్లలు తిన్నరో, ఎవలకేమైందో. అందుకే నాకు కూరగాయ గొంతుల దిగదు బిడ్డా. అమ్మ ఒక్కతి గాదు, తిన్నోళ్ళందరు కంచంల కనవడ్తరు." ఆగాడు. "వారానికి ఒక్క దినమన్న, నూరుమంది పిల్లలకు మందు లేని కాయ పోయిందా మా చేతులకెళ్ళి?"

స్వరూప తల ఊపింది.

"మీ అమ్మ ఇంటె మస్తు సంబురపడేది" అన్నాడు. అని, పేలిక కట్టిన పుల్ల ఒకటి భూమిలోంచి పీకి, నాలుగడుగులు అవతలికి నడిచి, ఇంకో రెండు సాళ్ళు దాటించి గుచ్చాడు. పాదాన్ని మోపి నేల అదిమాడు. "ఈ యేడు ఇంత. పై యేడు సూద్దాం."

మధ్యాహ్నం స్వరూప పొయ్యి వెలిగించింది. లేత కాయలు ఉప్పునీళ్ళలో కడిగి, నాలుగు పక్షాలుగా గాట్లు పెట్టి, నువ్వులపొడి కూరి వండింది. అంజమ్మ వచ్చి మూత తీసి చూసి, "పట్నం వంట, నూనె తేలనే లేదు" అని వెక్కిరించి, తమ్ముడి పక్కన కంచం పెట్టుకుని కూర్చుంది. "సవరం అయిపాయెనా మొత్తం? పాయ మిగిలిందా? సాలు. మిగతాది ఎల్లయ్య కోడలసొంటోళ్ళకు అక్కరకొచ్చిందనుకుంట."

స్వరూప తండ్రి కంచంలో ఒక వంకాయ వేసింది. రుచి చూస్తే అది అమ్మ వంకాయ కాదు. దగ్గరి దాకా వచ్చి ఆగిపోయింది. ఉప్పు కొంచెం ఎక్కువైంది.

జంగయ్య ముద్ద కలిపాడు. కలిపి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అంజమ్మ ఏదో అనబోతే స్వరూప కళ్ళతోనే వారించింది. తర్వాత అతను నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలి మింగాడు.

తిన్నది జుట్టు కుదురు దాటి పైకి రావడానికి వారం పడుతుంది. స్వరూప సెలవు చీటీ పంపి, ఆ వారం తండ్రికి వండి పెడుతూ ఊళ్ళోనే ఉండిపోయింది.